ఫారంలో చోటు లేని చుట్టరికం

జీతం కాగితం పక్షానికోసారి వస్తుంది. "నా ముందున్న ఏ కేసూ ఆరు నెలలు దాటి తీర్పు లేకుండా పడి లేదని ప్రమాణం చేస్తున్నాను" అని ఒకటే వాక్యం, కింద సంతకం. అది పడితేనే అలాస్కాలో మేజిస్ట్రేటు చేతికి జీతం అందుతుంది. పదకొండేళ్లుగా ఓలింకా వాసిలీ టీ తాగుతూ ఆ సంతకం చేసి ఫ్యాక్సులో పెట్టేది. ఆ మార్చి ఉదయం మాత్రం కలం తీసి, మళ్లీ మూత పెట్టేసింది.

సొరుగులో మాక్సిమ్ కేసు ఉంది. చేపలు పట్టకూడదన్న రోజున నదిలో వల వేశాడు. పోలీసు వల పట్టుకుపోయాడు. మాక్సిమ్ తప్పు ఒప్పుకున్నాడు. వల తిరిగివ్వాలా, జప్తు చెయ్యాలా అన్నదొక్కటే తేలాలి. ఆగస్టు ఇరవైన అంతా విని, తీర్పు తరవాత చెబుతానంది ఓలింకా.

సెప్టెంబరులో మాక్సిమ్ కూతురు లీనాకు కొడుకు పుట్టాడు. ఆ వేసవిలోనే పోయిన ఓలింకా భర్త పేరు, అంగల్‌గాక్, వాడికి పెట్టారు. ఆ ఊళ్లో పేరు పెట్టారంటే పోయిన మనిషి తిరిగొచ్చినట్టే. పిలుపులూ చుట్టరికాలూ అన్నీ ఆ పేరు వెంటే నడుస్తాయి. ఆనాటి నుంచి ఆ పసివాడు ఓలింకాకు భర్త.

దుకాణంలో ఎదురుపడితే మాక్సిమ్ వదిలేవాడు కాదు. "ఏమ్మా మనవరాలా! నీ మొగుడికి తాతనే, ఓ దండమైనా పెట్టవేం? రాత్రంతా ఏడ్చాడు నీ మొగుడు. ఏ పెళ్లామైనా ఇన్నాళ్లు పుట్టింట్లో కూర్చుంటుందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఓలింకా మాత్రం తల వంచుకుని వెళ్లిపోయేది. తీర్పు చెప్పాల్సిన మనిషి కేసు తేలేదాకా ఆ ఇంటి గడప తొక్కకూడదు. తేల్చాలంటే మొగుడి తాత వల గురించి తీర్పు చెప్పాలి. కేసు వదులుకుంటానని రాద్దామంటే, ఫారంలో రక్తసంబంధం, పెళ్లిసంబంధం అనే రెండే గళ్లు ఉన్నాయి. పేరు చుట్టరికం రాస్తే పట్నం కోర్టులో నవ్వుతారని ఫైలును సొరుగులోకి తోసింది. ఫిబ్రవరి ఇరవైకి ఆరు నెలలు నిండాయి. నెలాఖరున అలవాటు కొద్దీ ప్రమాణం మీద సంతకం చేసేసింది. ఆ అబద్ధానికి ఇవాళ్టికి పదిహేను రోజులు.

చివరికి కలం మూత తీసి, కాగితం అంచున రాసింది: "ఒక కేసు పడి ఉంది. పోయినసారి నేను చేసిన ప్రమాణం నిజం కాదు." ఫ్యాక్సు కాగితాన్ని లోపలికి లాక్కుంది.

గంటలో పెద్ద జడ్జి హాల్వర్సన్ ఫోన్ చేశాడు. ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఆయనే. దించాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు.

"ఏమిటిది ఓలింకా గారూ? మరిచిపోయారా?"

"లేదు సార్. భయపడ్డాను." అంతా చెప్పింది.

ఆయన నవ్వలేదు.

"గడి లేకపోతే అంచున రాయాల్సిందమ్మా, ఇవాళ రాసినట్టే. సెప్టెంబరులోనే రాసి ఉంటే ఆ రోజే కేసు ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి."

"తెలుసు సార్."

"ఆలస్యమైతే జీతం ఆగేది, అంతే. కానీ ప్రమాణం..." ఆయన గొంతు తగ్గింది. "మిమ్మల్ని ఉంచలేను. ఉత్తరం రేపటి విమానంలో వస్తుంది."

"వల సంగతి తొందరగా చూడండి సార్. మంచు కరిగితే చేపలొస్తాయి."

"ఈ వారంలోనే చూస్తారు."

నల్ల గౌను మడిచి కుర్చీ మీద పెట్టింది. తాళంచెవులు గుమస్తాకు ఇచ్చేసి, మంచులో నడిచి మాక్సిమ్ ఇంటికి వెళ్లింది. గుమ్మంలో ఎండు చేపల వాసన.

"ఓహో! కాపురానికొచ్చావా మనవరాలా?" అన్నాడు మాక్సిమ్.

"నీ కేసు ఇంకొకరు చూస్తారు. నా ఉద్యోగం పోయింది. ఇన్నాళ్లూ నీ వల ఆపింది నేనే."

మాక్సిమ్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. పొయ్యి పక్కనున్న బల్ల ఖాళీ చేశాడు. లీనా బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

ఆరు నెలల్లో అదే మొదటిసారి. వాడు ఆమె వేలు పట్టుకుని, గుచ్చి గుచ్చి చూశాడు.

"ఆలస్యమైంది," అంది ఓలింకా వాడితో, మొగుడితో మాట్లాడే గొంతుతో. "కోపగించుకోకు."