మినిట్స్ రాసినవారు

మా నీటిపారుదల ఆఫీసులో నా ఉద్యోగం పేరు ఫర్రాషా. అంటే ఊడ్చేది, తుడిచేది, టీ కాచి ఇచ్చేది. కాగితం మీద అంతే. పంతొమ్మిదేళ్లుగా నా చేతిలో ఉన్నది మాత్రం కలం. ఈ సంగతి మా గోడ మీది బల్లికి కూడా తెలుసు. తెలియనిదల్లా సిబ్బంది విభాగానికే. వాళ్ల కళ్లకి కాగితం మీద ఉన్న మనుషులు తప్ప ఎదురుగా నిలబడ్డ మనుషులు ఆనరు.

ఎలా మొదలైందో చెబుతాను. నేను చేరిన రెండో ఏడు సుహైర్ మేడం మొదటి కాన్పుకి వెళ్లింది. వచ్చే ఉత్తరాలు, పోయే ఉత్తరాలు ఎక్కించే రిజిస్టర్లు రెండూ ఆవిడ పేరు మీద ఉండేవి. వెళ్తూ వెళ్తూ, "ఇన్షిరా, నాలుగు రోజులు కాస్త చూసుకో తల్లీ, నీ రాత ముత్యాల్లా ఉంటుంది కదా" అంది. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. ఆ కాన్పులో పుట్టిన పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. మేడం తిరిగొచ్చి తన బల్ల ముందు కూర్చుంది గానీ, రిజిస్టర్ల వంక చూస్తే ఒట్టు. వేసవిలో ములూఖియా ఆకుకూర తుంచుతుంది. చలికాలంలో బఠాణీ ఒలుస్తుంది. ఇంటికెళ్లి వండుకోవాలి కదా మరి, ప్రభుత్వం వారు బల్ల ఇచ్చింది అందుకే. రెండింటికి సంచీ సర్దుకునే ముందు నేను నింపిన పేజీ అడుగున ఒక సంతకం గీకుతుంది. చదవదు.

ఆవిడ ఒక్కతే అనుకునేరు. సిబ్బంది విభాగం పెద్ద ఉస్తాజ్ బయ్యూమీ ఉన్నాడు, ఉస్తాజ్ అంటే అయ్యగారన్నట్టు. సూటు, పైజేబులో రెండు పెన్నులు, నుదుటి మీద నమాజు మచ్చ, అన్నీ ఉన్నాయి. రాత మాత్రం కోడి గెలికినట్టు ఉంటుంది. ఒకసారి ఆయన స్వహస్తంతో రాసిన ఉత్తరాన్ని ప్రధాన కార్యాలయం వాళ్లు "చదవడానికి వీలు కాలేదు" అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. అప్పట్నుంచి ఆయనా నా దగ్గరికే. ఆయన చెబుతాడు, నేను రాస్తాను. పోనుపోను చెప్పడం కూడా మానేశాడు. "కాలువ పూడిక గురించి అడిగారు, ఏదో ఒకటి రాసిపెట్టమ్మా ఉమ్ రఊఫ్" అంటాడు. నా కొడుకు పేరు రఊఫ్, అందుకని నన్నందరూ రఊఫ్ వాళ్లమ్మ అనే పిలుస్తారు. నేను రాసి బల్ల మీద పెడతాను. వేలు చూపించిన చోట ఆయన సంతకం పెడతాడు. ఆయనా చదవడు. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు ఇష్టం. ముప్పై ఎనిమిదో ఏట మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ల మధ్య కూర్చుని కామర్స్ డిప్లొమా పరీక్ష రాశాను, పాసయ్యాను. ఆ సర్టిఫికెట్టు నా ఫైల్లో పెట్టమని బయ్యూమీకి ఇస్తే, పెట్టాడు. అంతే, పెట్టాడు.

ఈ ఏడు చలికాలంలో ఒక ఉత్తర్వు వచ్చింది. కవరు చించిందీ నేనే, రిజిస్టర్లో ఎక్కించిందీ నేనే. ఇక మీదట ఆఫీసు ఊడ్చే పని కాంట్రాక్టు కంపెనీది. సేవల వర్గంలో ఉన్నవాళ్లంతా వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కాలువ అవతలి పంపు స్టేషనుకి పోవాలి. అక్కడ పనేమిటో నాకు తెలుసు. నీళ్లు లోపలికి లాగే చోట ఇనప జాలీ ఉంటుంది, దానికి గుర్రపు డెక్క వచ్చి పట్టుకుంటుంది. నడుం లోతు బురదలో నిలబడి కొక్కెంతో దాన్ని గట్టుకి లాగాలి. నాకు యాభై ఒకటి. రెండు మోకాళ్లూ మెట్లెక్కితేనే వాచిపోతాయి. మోకాళ్ల సంగతి సరే, నా రిజిస్టర్లు. పంతొమ్మిది సంపుటాలు, ఒక్క కొట్టివేత లేకుండా రాసుకున్నాను. వాటిని సుహైర్ మేడం బఠాణీ తొక్కల కింద వదిలేసి పోవాలా?

అదే ఉత్తర్వులో ఆరో పేరాలో ఒక వెసులుబాటు ఉంది. అర్హత ఉండి, నిజంగా రాతకోతల పని చేస్తున్నవాళ్లు గుమాస్తా వర్గంలోకి మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. స్థానిక కమిటీ విచారించి తేలుస్తుంది. ఆఫీసు మొత్తం మీద ఆ ఉత్తర్వు చదివింది నేనొక్కదాన్నే కాబట్టి, ఆరో పేరా తెలిసిందీ నాకే. ఆ రోజే అర్జీ పెట్టాను.

బయ్యూమీ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇప్పుడు ఇదెందుకమ్మా, నువ్వు మాలో మనిషివే కదా" అన్నాడు. వాళ్లలో మనిషినైతే నాకెందుకు కొక్కెం ఇస్తున్నారో ఆయన చెప్పలేదు. తర్వాత తెలిసింది, ఆయన భయం వేరే. నేను గుమాస్తానని ఒప్పుకుంటే, ఇన్నేళ్లూ రిజిస్టర్లు ఎవరికి అప్పజెప్పావు, ఎందుకు అప్పజెప్పావు అని ఆయన్నే అడుగుతారు. తన మెడకి చుట్టుకునే కంటే నన్ను బురదలోకి దింపడమే తేలిక.

కమిటీ మంగళవారం కూర్చుంది. ముగ్గురు. అధ్యక్షుడు బయ్యూమీ, సీనియర్ గుమాస్తా హోదాలో మన సుహైర్ మేడం, ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన లాయరు ఉస్తాజ్ హాతిమ్. ఆయన నిండా ముప్పై లేని మనిషి. సెంటు వాసన మెట్ల మీదే తగిలింది. ఒంటిగంట మైక్రోబస్సు అందుకోవాలని వచ్చినప్పట్నుంచీ వాచీ చూస్తూనే ఉన్నాడు. ముగ్గురికీ టీ నేనే ఇచ్చాను. తర్వాత నా అర్జీ విచారణకి నన్నే పిలిచారు.

పంతొమ్మిది సంపుటాలూ మోసుకెళ్లి బల్ల మీద పేర్చాను. హాతిమ్ ఒకటి తెరిచి, రాత చాలా బావుందన్నాడు. తర్వాత పేజీ అడుగున వేలు పెట్టి, సంతకం సుహైర్ గారిది కదా అన్నాడు. అవును, సేవల వర్గం వాళ్లు రిజిస్టర్లో సంతకం పెట్టకూడదని రూలు ఉంది కాబట్టి ఆవిడ పెట్టింది అన్నాను. అలా అయితే రాసింది మీరే అనడానికి కాగితం ఏదీ లేదన్నమాట, అన్నాడు. కాగితం కట్టలుకట్టలుగా ఆయన ముక్కు కిందే ఉంది.

ఆయన సుహైర్ మేడాన్ని అడిగాడు. నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ రెండో కాన్పులో పుట్టిన పాప జ్వరంతో ఆసుపత్రిలో ఉంటే వారం రోజులు క్యారేజీ మోసింది నేను. ఆవిడ కళ్లు దించుకుని, "ఉమ్ రఊఫ్ చాలా మంచిది సార్, అప్పుడప్పుడు పెన్నూ స్కేలూ అందిస్తూ ఉంటుంది" అంది.

పెన్నూ స్కేలూ. ఒళ్లు మండిపోయింది. నోరు తెరిస్తే ఏమంటానో నాకే తెలియదు కాబట్టి ఖాళీ గ్లాసులు తీసుకుని బయటికొచ్చేశాను.

పది నిమిషాలు కాలేదు, బయ్యూమీ గది గుమ్మంలోంచి తల బయటపెట్టాడు. మొహం మీద నవ్వొకటి పులుముకున్నాడు. నిర్ణయం అయిపోయిందట, మినిట్స్ రాయాలట. టైపు చేసే అతను సెలవులో ఉన్నాడు. తన రాత సంగతి నాకు తెలుసు కదా, మళ్లీ ఎర్ర సిరాతో తిరిగొస్తే పరువు పోతుంది. సుహైర్ మేడం కళ్లజోడు తేవడం మర్చిపోయిందట. "నువ్వే కాస్త సాఫీగా రాసిపెట్టమ్మా. ఏమీ అనుకోకు" అన్నాడు.

నేను గుమాస్తాని కానని నేనే రాయాలి. ఆ ముగ్గురిలో ఒక్కరికైనా అందులో వింత కనిపిస్తుందేమోనని ముగ్గురి మొహాలూ చూశాను. ఊహూఁ. అలవాటుపడ్డ ప్రాణాలు. లాయరు వాచీ చూసుకున్నాడు.

సరే అని కూర్చున్నాను. హాతిమ్ చెప్పాడు, నేను రాశాను. సదరు ఉద్యోగిని గుమాస్తా స్వభావం గల పని ఏదీ ఏనాడూ చేసి ఉండలేదని కమిటీ ఏకగ్రీవంగా నిర్ధారించినది, అని. మధ్యలో ఆయన ఒక సర్క్యులరు చెబితే, సార్, అది పోయినేడు రద్దయింది, దాని బదులు వచ్చింది ఇది అని నంబరూ తారీకూ నోటికి చెప్పాను. అమ్మయ్య, బతికించావు అని అదే వేయమన్నాడు. వేశాను.

మినిట్స్ ఫారం చివర అచ్చేసిన గీత ఒకటి ఉంటుంది. "మినిట్స్ రాసినవారు: పేరు, వర్గం." ఇన్నేళ్లూ ఆ గీత ఖాళీగా వదిలేసేదాన్ని, సుహైర్ మేడం తర్వాత నింపుకునేది. ఆ రోజు నా చెయ్యి అక్కడికొచ్చి ఆగింది. ముందే పన్నాగం పన్నానని మీరనుకుంటే అనుకోండి. నాకా క్షణంలో తోచింది ఒక్కటే. రాసింది ఎవరని అడుగుతున్నారు, రాసింది నేను. మిగతా రాత ఎంత చక్కగా ఉందో అంత చక్కగానే రాశాను. ఇన్షిరా అబ్దుల్‌ముగ్నీ, సేవల వర్గం.

ముగ్గురి ముందూ పెట్టి సంతకం చోట వేలు చూపించాను. లాయరు లేచి నిలబడే సంతకం పెట్టాడు, మైక్రోబస్సు పోతుందని. సుహైర్ మేడం, మర్చిపోయిన కళ్లజోడు నెత్తి మీదే ఉండగా, పెట్టింది. బయ్యూమీ పెట్టి, సొరుగు తాళం నా వైపు తోసి, సర్కారు గద్ద ముద్ర కూడా నువ్వే వేసెయ్ అన్నాడు. ఎవరూ చదవలేదు. ఎందుకు చదువుతారు, పంతొమ్మిదేళ్లలో లేని పాడు అలవాటు. ముద్ర వేశాను, రిజిస్టర్లో నంబరు ఎక్కించాను, ప్రధాన కార్యాలయానికి వెళ్లే రెండు గంటల టపా సంచీలో పంపించేశాను.

తర్వాత పదకొండు రోజులు నాకు తిండి సహించలేదు. అక్కడా ఎవరూ చదవకపోతే? అదీ జరగొచ్చు, అక్కడ ఉన్నదీ ఇలాంటి మహానుభావులే. మా వీధిలో రబ్బరు బూట్లు అమ్మే కొట్టు ముందు ఒకరోజు ఆగి నా కాలి సైజు ఉందా అని కూడా అడిగాను. ఏడుపొచ్చింది.

ఒకటో తారీకు ఇంకా రెండు రోజులుందనగా ఉత్తరం వచ్చింది. నేనే చించాను. అక్కడ ఎవరో ఒక పుణ్యాత్ముడికి చదివే జబ్బు ఉంది. నాలుగే వాక్యాలు. ఏ రాతపనీ ఏనాడూ చేయలేదని మీరు నిర్ధారించిన ఉద్యోగినే ఆ నిర్ధారణను రాసినట్టు మీ ముగ్గురి సంతకాలతో, ముద్రతో ఉన్నది. రాసింది ఆమె కాకపోతే, తప్పుడు మినిట్స్ మీద సంతకం చేసినందుకు ముగ్గురూ సంజాయిషీ ఇవ్వాలి. రాసింది ఆమే అయితే, నిర్ణయం సరిదిద్ది పంపాలి. ఈరోజే.

ఎక్కించి, నంబరు వేసి, బయ్యూమీ బల్ల మీద పెట్టాను. జీవితంలో మొదటిసారి ఆయన ఒక ఉత్తరం చివరిదాకా చదవడం చూశాను. మొహం మాడిపోయింది. ఇంత పని చేస్తావా, అన్నం పెట్టిన చేతినే కరుస్తావా అని మొదలుపెట్టాడు. నాకెప్పుడు అన్నం పెట్టాడో గుర్తులేదు, టీ మాత్రం నేను పోశాను. అబద్ధం ఏమైనా రాశానా సార్ అని అడిగాను. ఆయన సుహైర్ మేడాన్ని పిలిచి, మినిట్స్ నేనే రాశానని చెప్పెయ్ అన్నాడు. ఆవిడ కెవ్వుమంది. వాళ్లు పిలిచి నాలుగు ముక్కలు రాయమంటే నా గతేం కావాలి అంది. నిజమే, ఆవిడ రాత ఎలా ఉంటుందో ఆవిడకే గుర్తుండదు. లాయరుగారికి ఫోన్ చేస్తే, తన మీదికి రాకుండా ఏది రాసినా సంతకం పెడతానన్నాడు.

గడియారం ఒంటిగంట దాటింది. సంచీ రెండింటికి పోతుంది. బయ్యూమీ నుదురు తుడుచుకుని, గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"సరేలే ఉమ్ రఊఫ్, అయిందేదో అయింది. దీనికొక మంచి జవాబు రాసిపెట్టు తల్లీ. ఎలా రాయాలో నీకు తెలుసుగా."

నేను తెల్లకాగితం ఒకటి తీసి ఆయన ముందే పెట్టాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, చేతికిచ్చాను.

"నేను ఏ వర్గం మనిషినో ముందు మీరు రాయండి సార్. తర్వాత ఏ ఉత్తరమైనా నేను రాస్తాను."

గడియారం వంక చూశాడు. చివరికి రాశాడు. పంతొమ్మిదేళ్లుగా గుమాస్తా పని చేస్తున్నందున సదరు ఉద్యోగినిని గుమాస్తా వర్గంలో చేర్చవలెను, అని. చూస్తే ఒక్క అక్షరం పోలిక తెలియదు. సాఫీగా రాసిస్తావా అని అడిగాడు. వద్దు సార్, ఇది మీ చేత్తోనే వెళ్లాలి, కానీ చదవడానికి వీలవ్వాలి అని ఇంకో కాగితం ఇచ్చాను. మూడుసార్లు రాయించాను. మూడోసారికి పలక మీద దిద్దే పిల్లవాడి రాతలా వచ్చింది. చాలన్నాను.

సుహైర్ మేడం సంతకం పెట్టింది. లాయరు అక్కడ సంతకం పెట్టుకోవడానికి చోటు వదిలి, రిజిస్టర్లో నంబరు వేశాను. ఆవిడ అలవాటుగా పేజీ అడుగున సంతకానికి పెన్ను పట్టుకుని వంగింది. అక్కర్లేదు మేడం, మీరు బఠాణీ చూసుకోండి అన్నాను. ఆ పేజీకి సంతకం నేను పెట్టాను.