సుద్దముక్కల పెట్టెలో ఎన్నికల జోస్యం

నేను ఒక సుద్దముక్కల పెట్టెను. నాసిరకం మామిడిచెక్కతో, జారుడుమూతతో పుట్టాను. లోపలి సుద్దలు అయిపోతే పొయ్యిలోకే పోతానని నా తోటివాళ్లలాగే నేనూ అనుకున్నాను. మనుషులు పెట్టెకు విలువ కట్టేది లోపల ఉన్నదాన్ని బట్టే కదా.

విజయనగరం వైపు ఒక పల్లెటూరి హైస్కూలుకు చేరాను. అక్కడ సోషల్ చెప్పే జగన్నాధం మాస్టారు 'సర్పంచ్ అధికారములు, విధులు' అని బోర్డు మీద రాయగానే వెనకబెంచీలు కునికేవి. ఊళ్లో పంచాయతీ ఎన్నికలు వచ్చిన ఏడాది ఆయన నా మూతకు చాకుతో గంటు పెట్టి బల్ల మీద ఉంచారు.

"ఎవరు గెలుస్తారో చీటీ మీద రాసి ఇందులో వెయ్యండి. కింద కారణం కూడా రాయాలి. కారణం లేని జోస్యం చిలకైనా చెప్తుంది. సరిగ్గా చెప్పినవాళ్లకి ఈ పెట్టె బహుమానం."

"ఉత్త పెట్టేనా మాస్టారూ?" అన్నాడు గణపతి.

"సుద్దలు నింపే ఇస్తాన్రా!"

అంతే, తొమ్మిదో తరగతికి నిద్ర వదిలింది. నేను ఊళ్లోకి వెళ్లకపోయినా ఊరే వాళ్ల మాటల్లో నా దగ్గరికి వచ్చేది. ఆసారి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు కేటాయించారు. నిలబడింది ఇద్దరు. ఒకరు అదే తరగతిలో చదివే ఝాన్సీ తల్లి పారమ్మ, రెండోవారు భర్త పోయిన సత్యవతి.

ఆ ఊళ్లో ఆడవాళ్లు ఓటు అడగడమంటే పెళ్లికి పిలిచినట్టే. ఇల్లాలి నుదుట కుంకుమ పెట్టి అడగాలి. బొట్టు పెట్టించుకుంటే మాట ఇచ్చినట్టే లెక్క. పారమ్మ అలాగే వీధులన్నీ తిరిగింది. కుంకుమ గిన్నె పట్టుకుని ఝాన్సీ వెంట నడిచింది. సత్యవతి బొట్టు పెట్టకూడదు కాబట్టి ప్రతి గడప ముందూ చేతులు జోడించి వెళ్లిందట.

"బొట్టెట్టలేని మనిషికి ఓటెవడేస్తాడ్రా?" అని గణపతి తేల్చేశాడు. తరగతంతా దాదాపు అదే రాసింది.

ఝాన్సీ మాత్రం పెన్సిలు కొరుకుతూ కూర్చుంది.

"మీ యమ్మ గెలుస్తాదని రాయడానికి ఇంతసేపేటే?" అని పక్కపిల్ల వేళాకోళం చేసింది. ఝాన్సీ చీటీని సగం నా గంటులోకి దించి, వెనక్కి లాగేసింది. కాసేపు అటూ ఇటూ చూసి, మళ్లీ వేసింది.

సత్యవతి కొద్ది ఓట్ల తేడాతో గెలిచింది.

మర్నాడు ఝాన్సీ బడికి రానని మొండికేసిందట. పారమ్మే రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "ఓడిపోనాను నాను. బడి మానీడానికి నీకేటొచ్చింది?"

ఆమెను గుమ్మంలో చూసి మాస్టారు నన్ను బల్ల కిందికి దాచబోయారు.

"ఇప్పండి బావూ, నానూ ఇంటాను."

మాస్టారు ఒక్కొక్క చీటీ చదివారు. పారమ్మ, పారమ్మ, మళ్లీ పారమ్మ. "ఇక్కడైతే నానే సర్పంచిని!" అని ఆమె నవ్వితే పిల్లలూ నవ్వారు. అందరికన్నా చిన్నగా మడిచిన చీటీ దగ్గర మాస్టారు ఆగిపోయారు.

"సదవండి," అంది పారమ్మ.

"సత్యవతి గారు గెలుస్తారు. కారణం: మా అమ్మ బొట్టు పెట్టదగిన వాళ్లనే ఓటు అడిగింది. భర్త పోయినవాళ్ల గడపల ముందు ఆగకుండా వచ్చేశాము. వాళ్లకూ ఓటు ఉంది."

"ఓరి నాయనో, కన్నతల్లే ఓడిపోతాదని రాసీసినాదిరా!" అన్నాడు గణపతి. ఎవరూ నవ్వలేదు. ఝాన్సీ తల ఎత్తలేదు.

"సూసినప్పుడే నాకు సెప్పొచ్చు గదే?" అంది పారమ్మ.

"సెప్పినానమ్మా. ఓటడగడానికెల్తూ ఆల మొకాలు సూడకూడదు, నడువు అన్నావు."

పారమ్మ ఆ చీటీని మాస్టారి చేతిలోంచి తీసుకుని కొంగున ముడేసుకుంది. "ఆ పెట్టేదో దానికిచ్చీయండి బావూ. గెలిచింది గదా," అంది.

ఇప్పుడు నేను ఝాన్సీ వాళ్ల అటక మీద ఉన్నాను. నాలోని సుద్దలన్నీ వీధిపిల్లల తొక్కుడుబిళ్ల గళ్లుగా ఏనాడో అరిగిపోయాయి. మాస్టారు ఎక్కడున్నారో తెలియదు. కానీ బడి నుంచి ఆ ఇంటికి వచ్చిన దారి మాత్రం ఇప్పటికీ తలచుకుంటాను. నేను ఝాన్సీ చంకలో ఉన్నాను, పారమ్మ ముందు నడుస్తోంది. మలుపులో సన్యాసమ్మ అనే ముసలామె బొట్టులేని నుదుటితో అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పారమ్మ దాటిపోయి, వెనక్కి వచ్చి చేతులు జోడించింది.

"ఓలమ్మ! ఓట్లయిపోనాయి గదే, ఇప్పుడెందుకే దండాలు?"

"అప్పుడు నిన్నడగనేదు పెద్దమ్మా."

"అడిగుంటే నీకే ఏసీదాన్ని గదమ్మా," అంటూ ముసలామె చింతపండు చాట పక్కకు జరిపింది. "నిలబడ్డావేటి? కూకో."