తిరిగివ్వని నీడ

కాలేజీ వాళ్ళు ఫండు ఆపేశారని తెలిసిన రోజు ఆమెకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఈ మాట ఆమె ఇంతవరకూ పైకి అనలేదు, అద్దం ముందు కూడా.

అందరికీ తెలిసిన కథ వేరు. "పాపం, ఎంత తెలివైన పిల్లో! డబ్బులు ఆగిపోయి, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేసింది," అంటారు ఇంట్లోనూ వీధిలోనూ. ఆమె తలూపుతుంది. తలూపిన ప్రతిసారీ వెనక గోడ మీద ఒక నీడ వేలెత్తుతుంది. అది ఆమె నీడ కాదు. ఆమెది పక్కనే, పొట్టి జుట్టుతో, బుద్ధిగా ఉంటుంది. ఈ రెండోదానికి పెద్ద ముడి, ముడిలో గుచ్చిన పెన్ను.

చిన్నప్పుడు ఎందుకు, ఎందుకు అని అందరి ప్రాణాలూ తోడేసేదని ఇంట్లో ఆమెకు ఎందుకమ్మ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎందుకమ్మ ఎవర్నీ ఏదీ అడగదు. పొద్దున్నే ఫ్లెక్సీ షాపుకొస్తుంది. షాపుల ఓపెనింగులకీ, తగ్గింపు ధరలకీ, తప్పిపోయిన కుక్కలకీ కంప్యూటర్ మీద బ్యానర్లు తయారుచేస్తుంది. కుర్చీ మాత్రం సరిగ్గా ట్యూబ్‌లైటు కిందే వేసుకుంటుంది. అక్కడైతే నీడలు కాళ్ళ దగ్గరే ముడుచుకుని పడుంటాయి.

"నీకేం తల్లీ, రెండున్నాయి. షట్టరు తీసేటప్పుడు ఒకటి నా బట్టతల మీద కప్పరాదూ?" అంటాడు ఓనరు.

"అద్దె ఇస్తావా మరి?" అంటుంది.

ఆ నీడ చరిత్ర చెప్పే మేడమ్‌ది. బీఏ రెండో ఏడు సెలవుల్లో ఒక్కో లెక్చరరు ఒక్కో స్టూడెంటుని దగ్గర పెట్టుకుని సొంతంగా పరిశోధన చేయించేవాళ్ళు. పిల్లలు ఆ సెలవుల్లో ఏ కొట్లోనో పనికి పోకుండా కాలేజీ డబ్బిచ్చేది. డబ్బుతో పాటు లెక్చరర్లు తమ నీడ కూడా ఇచ్చేవాళ్ళు.

"సైన్సు వాళ్ళకి మైక్రోస్కోపులున్నాయి. మన దగ్గర ఇవ్వడానికి నీడ తప్ప ఏముంది?" అని నవ్వి మేడమ్ చెప్పులు విప్పింది. ఎండలో నిలబడి తన నీడను ఎందుకమ్మ పాదాల దగ్గరికి జరిపింది. "పని ఎంతవరకొచ్చిందో నువ్వే నాకు చెప్పాలి. పూర్తయినా సరే, కాకపోయినా సరే. అప్పుడే ఇది తిరిగొస్తుంది. నేను పిలిస్తే మాత్రం రాదు."

షాపుల బోర్డులు చేత్తో రాసిన పెయింటర్ల గురించి ఎందుకమ్మ పరిశోధన. వాళ్ళు ఆమెను చూసి కాదు, వెనకున్న నీడను చూసి తలుపు తీసేవాళ్ళు. "మేడమ్ నీడతో వచ్చావా? కూర్చో." ఇంటికొచ్చి ఒక్క ముక్క ఊహించి రాసినా నీడ వేలెత్తేది: ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?

వినడం హాయిగా సాగింది. రాయడానికి కూర్చున్నాకే చిక్కొచ్చింది. వాళ్ళ మాటల్లో ఉన్న రంగు తన పేజీలో లేదు. రాసేది, చింపేది. సరిగ్గా అప్పుడే ఫండు ఆగింది. "డబ్బు సంగతి నేను చూసుకుంటా, నువ్వు రాస్తూ ఉండు," అని మేడమ్ కబురు పంపింది. ఎందుకమ్మ వెళ్ళలేదు. మొదట సిగ్గేసి వెళ్ళలేదు. తర్వాత, ఇన్నాళ్ళూ వెళ్ళనందుకు సిగ్గేసి వెళ్ళలేదు.

"మా గురించి ఎప్పుడు రాస్తావమ్మా?" అని కనపడ్డప్పుడల్లా అడిగేవాడు అందరికంటే పెద్ద పెయింటరు. ఆయన పోయినప్పుడు సంతాపం బ్యానరు ఆమే తయారుచేసింది, టీ చల్లారేలోపు. ఆ రోజు నీడ వేలెత్తలేదు. తల దించుకుంది.

ఒక సాయంత్రం బాబాయి కూతురు పరుగున షాపుకొచ్చింది. అదే కాలేజీలో బీఏ. ఈ ఏడే మేడమ్ క్లాసులోకి వచ్చింది.

"అక్కా, అర్జెంటు. ఇది గేటుకి కట్టాలంట," అని పెన్‌డ్రైవు ఇచ్చింది.

తెరిచి చూస్తే, బీఏ పిల్లల పరిశోధనకు మళ్ళీ ఆర్థిక సాయం.

"మళ్ళీ మొదలైందా!"

"అయింది. నాకేం లాభం?" చెల్లెలు స్టూలు మీద కూలబడింది. "కాన్పు వార్డులో ఆయాలు నొప్పులు మరిపించడానికి చెప్పే కబుర్ల మీద చేస్తానన్నా. మేడమ్‌కి ఎంత నచ్చిందో! కానీ నన్ను తీసుకోనంది."

"ఎందుకు?" ఎన్నాళ్ళకో ఆమె నోట ఆ మాట వచ్చింది.

"నీడ లేదంట. ఒట్టి చేతులతో నిన్నెలా పంపనమ్మా అంది. ఎవరి దగ్గరుంది మేడమ్ అంటే, మంచి పిల్ల దగ్గరే ఉందిలే అంది. రేపటితో ఆఖరు. తర్వాత నాన్న నన్ను బట్టల కొట్లో పెడతాడు." గొంతు తగ్గించింది. "ఆవిడ ఎండలో నడుస్తుంటే చూడలేమక్కా. కాళ్ళ కింద ఖాళీ."

ఎందుకమ్మ కుర్చీలోంచి లేచింది. గోడ మీద నీడలు రెండూ సాగాయి. ఇంట్లో అందరూ ఏళ్ళుగా చూస్తున్న నీడే. ముడిలో ఆ పెన్నును మాత్రం చెల్లెలు ఇప్పుడు రోజూ క్లాసులో మేడమ్ తలలో చూస్తోంది.

"ఇది మేడమ్‌దా? ఇన్నాళ్ళూ నీ దగ్గరే పెట్టుకున్నావా!"

"అప్పట్లో ఫండు ఆగిపోయి..."

నీడ వేలెత్తింది.

"అదేదో అడుగుతోంది తల్లీ, చెప్పు," అన్నాడు ఓనరు, ప్రింటర్లో ఇంకు పోస్తూ.

ఆమె గోడ వైపు చూడలేదు. "డబ్బు ఆగకముందే నేను ఆగిపోయాను. సరిగా రాయలేనని భయమేసింది. ఫండు లేదంటే హమ్మయ్య అనుకున్నా."

నీడ వేలు దించింది. ముడిలోంచి పెన్ను తీసింది, పెయింటర్ల ఇళ్ళల్లో వినేటప్పుడు తీసినట్టు.

చెల్లెలు అడిగింది. "మేడమ్ తిడుతుందా?"

"తిట్టదు. అదే కదా బాధ."

"పోనీ నేను ఫోను చేసి చెప్పనా?"

"నువ్వు చెప్తే రాదే."

ఎందుకమ్మ ట్యూబ్‌లైటు కింద నుంచి బయటికి నడిచి, ఎండ పడుతున్న గుమ్మంలో నిలబడింది. రెండు నీడలూ పక్కపక్కనే పొడుగ్గా వెనక షాపులోకి చాచుకున్నాయి. ఆ పెద్ద పెయింటరుకి చెప్పుకునే దారి ఇక లేదు. మేడమ్‌కి చెప్పుకునే దారి ఉంది, ఆ నంబరు ఆమె ఏనాడూ చెరపలేదు. ఫోను చేతిలోకి తీసుకుంది.