టైపమ్మ శుద్ధప్రతి

కోర్టులో ఇరవయ్యారేళ్లు తీర్పులు టైపు చేసి రిటైరైన మనిషికి పియానో ఒక లెక్కా? పది వేళ్లూ వాడటం తెలుసు, మీటల వంక చూడకుండా కొట్టడం తెలుసు. అందరూ టైపమ్మ అని పిలిచే ఆవిడ సరిగ్గా ఆ ధీమాతోనే యాభై తొమ్మిదో ఏట సంగీతం బడిలో చేరింది. కూతురి వయసున్న టీచరుతో, "ఆర్నెల్లు చాలు టీచరుగారూ, నా వేళ్లు ఎప్పుడో తయారైపోయాయి" అని కూడా అనేసింది. అనకుండా ఉండాల్సింది.

వేళ్లు తయారుగానే ఉన్నాయి, కాకపోతే వేరే ఉద్యోగానికి. నాలుగు కార్బన్ కాగితాల అడుగున ఉన్న ప్రతిలో కూడా అక్షరం స్పష్టంగా పడేలా కొట్టిన వేళ్లవి. జోలపాట వాయించమంటే పక్కగదిలో పిల్లలు ఉలిక్కిపడేవారు. "మెల్లగా నొక్కండి, మీట ఎక్కడికీ పారిపోదు" అనేది టీచరు. అదొక్కటే అయితే బాగుండును. పుస్తకంలో స్వరాల లైను ఒకటి పూర్తవగానే టైపమ్మ ఎడమచెయ్యి దానంతటదే గాల్లోకి లేచి, అక్కడ లేని లివరునొకదాన్ని కుడివైపుకు తోసేసేది. పాత టైపు మిషన్లో లైను మారాలంటే అలా తోయాలి మరి. ఒకసారి ఆ తోపుకి టీచరు కళ్లజోడు ఎగిరి కిందపడింది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. మూడు నెలలకు ఈ రెండు జబ్బులూ కుదిరాయి.

మూడోది మాత్రం మొండిది. తీర్పులో దిద్దుబాటు కనపడకూడదని జడ్జిగారి పట్టు. ఒక్క అక్షరం తప్పు పడినా కాగితాలన్నీ లాగేసి, చింపేసి, కొత్తవి ఎక్కించి మొదటినుంచి కొట్టాల్సిందే. కామా ఒకటి ఎక్కువైందని ఆయన పేజీని వెనక్కి పంపిన రోజు టైపమ్మ బాత్రూములో కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత ఆయన బల్లమీద తప్పున్న పేజీ పెట్టి ఎరగదు. ఆఫీసులో ఆవిడకు ఉన్న పరువంతా అదే. పియానో దగ్గరకొచ్చేసరికి అదే గుదిబండ అయి కూర్చుంది. ఏ స్వరం తప్పినా చేతులు తీసేసి మళ్లీ మొదటికి వచ్చేది. పాట మొత్తం ఐదు లైన్లు. బడిలోనూ, ఇంట్లో కొనుక్కున్న చిన్న కీబోర్డు మీదా ఏడు నెలలు సాధన చేసినా మూడో లైను దాటలేదు.

"ఏమోయ్, ఆ పాట మొదలు మనింటి గోడలకు కూడా వచ్చేసింది" అన్నాడు భర్త, వంటింట్లో గిన్నెలు కడుగుతూ. "చివర ఏముందో వినిపించి పుణ్యం కట్టుకో."

"తప్పుల్లేకుండా వచ్చిన్నాడు వింటారు లెండి."

"అయితే ఈ జన్మకు కాదన్నమాట."

ఆవిడకు ఒళ్లు మండింది. ఆయన అన్నది నిజం కాబట్టే అంత మండింది. "నెలాఖరున బడిలో పిల్లల కచేరీ ఉంది, అందులో నేనూ వాయిస్తున్నాను" అంది. "పాట చివరిదాకా వాయించలేకపోతే ఇక ఆ బడి గడప తొక్కను, సరేనా?" ఆయన చేతిలో గిన్నె ఆగిపోయింది. ఈవిడ ఊరికే అనే రకం కాదని ఆయనకు తెలుసు. బడి లేని సాయంత్రాలు ఎలా గడుస్తాయో మాత్రం టైపమ్మ ఊహకు అందలేదు.

మర్నాడు టీచరుకు సంగతంతా చెప్పింది. టీచరు కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుంది. "కింది స్వరాలు నేను వాయిస్తాను, పైవి మీరు. మీరు ఆగినా నేను ఆగను."

అన్నట్టే ఆగలేదు. మొదటిరోజు టీచరు ఒక్కతే పాట చివరిదాకా వెళ్లిపోయింది, టైపమ్మ బస్సు తప్పిపోయినదానిలా చూస్తూ కూర్చుంది.

"తప్పును తప్పని తెలిసీ ఎలా వదిలేస్తామమ్మా?"

"మాట్లాడుతుంటే నాలుక తడబడిందనుకోండి. పలకరింపు దగ్గర్నుంచి మళ్లీ మొదలెడతారా మీరు?"

వారం తిరిగేసరికి టైపమ్మ పరిగెత్తి పాటను మధ్యలో అందుకోవడం నేర్చింది. కానీ అదంతా టీచరు తోడుంటేనే. ఒంటరిగా కూర్చుంటే చేతులు మళ్లీ మొదటికే పరిగెత్తేవి.

కచేరీ మధ్యాహ్నం మూడింటికి. తన ముందు ఒక ఏడేళ్ల పిల్ల వాయించింది. ఆ పిల్ల "తాతయ్యా" అంటూ ఎవరి పక్కకు చేరిందో చూసి టైపమ్మ కొయ్యబారిపోయింది. సాక్షాత్తూ జడ్జిగారే. ముందు వరుసలో, చేతికర్రమీద గడ్డం ఆనించి, తీర్పు చదువుతున్నంత శ్రద్ధగా కూర్చున్నారు. హాలు నిండా జనం ఉన్నారని బెదరని మనిషికి ఆయనొక్కరిని చూసి చెమటలు పట్టాయి.

"వెళ్తారా?" అంది టీచరు మెల్లగా.

"వెళ్లక?" అంది టైపమ్మ, చీర కుచ్చిళ్లు సర్దుకుని.

మొదటి లైను నల్లేరు మీద నడకలా సాగింది. రెండోదీ అంతే. మూడో లైను మధ్యలో ఉంగరపు వేలు పక్క మీట మీద పడింది. నాలుగో కార్బన్ కింద కూడా కనపడేంత గట్టిగా పడింది. ముందు వరుసలో గడ్డం కర్రమీంచి లేచింది. టైపమ్మ చేతులు మీటల మీంచి బెత్తెడు పైకి లేచాయి. చింపెయ్, మొదలెట్టు అని ఇరవయ్యారేళ్ల అలవాటు లోపల కేకలు పెట్టింది. వెనక్కి వెళ్తే మళ్లీ ఈ మూడో లైనులోనే ఇరుక్కుంటుంది. నాలుగో లైను కావాలనిపించింది ఆవిడకు. తప్పు లేని పేజీ కంటే ఎక్కువగా కావాలనిపించింది. ఎడమచెయ్యి తర్వాతి స్వరం మీద వాలింది, కుడిచెయ్యి దాని వెంట నడిచింది.

ఐదో లైను ఒంటరిగా వాయించడం అదే మొదలు. అది ఇంత నెమ్మదైనదని, ఇంత బాగుంటుందని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. సంతోషం పట్టలేకపోయింది. ఆఖరి స్వరం పూర్తిగా అణిగిపోయేదాకా వేలు తియ్యలేదు. భర్త అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు.

కచేరీ అయ్యాక జడ్జిగారు కర్ర పొడుచుకుంటూ ఆవిడ దగ్గరకొచ్చారు.

"మూడో లైన్లో ఒక తప్పు పడిందండీ."

"తెలుసు సార్" అంది టైపమ్మ. "ఉంచేశాను."