కుసుమకుమారి రెండో నీడ

పెందుర్తి దాటాక ఉన్న ఆ కాలనీలో పొద్దున తొమ్మిదయ్యేసరికి డాబాలన్నీ నిండిపోతాయి. ఒకరి బట్టలు, ఒకరి మిరపకాయలు, ఇంకొకరి వడియాలు. కుసుమకుమారి పిండి గిన్నెతో మేడెక్కిందంటే పక్కింటి నారాయణమ్మ, నీ రెండో నీడ నా మిరపకాయల మీద పడుతోంది, కొంచెం ఇటు జరగమంటుంది. కుసుమ జరుగుతుంది. ఒక నీడ ఆమెదే, పొట్టిగా, గుండ్రంగా. రెండోది పొడుగ్గా ఉండి, నడిస్తే ఎడంకాలు ఈడుస్తుంది. అది చిట్టమ్మ నీడని కాలనీలో అందరికీ తెలుసు. ఎవరికెన్ని నీడలుంటే ఏం, వడియాలు ఆరాయా లేదా అన్నదే అక్కడివాళ్ళకి ముఖ్యం.

చిట్టమ్మా కుసుమా నేస్తాలు. ఊరికే స్నేహితులు కాదు. బొబ్బిలి పక్క పల్లెలో, పదకొండేళ్ళప్పుడు, ఊరి పండగనాడు పెద్దల ఎదుట పూలు మార్చుకుని నేస్తం కట్టినవాళ్ళు. అలా కట్టాక ఒకరినొకరు పేరుపెట్టి పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. ఒకరింట్లో పెళ్ళయితే రెండో ఇంటికీ కొత్త బట్టలు పెట్టాలి. ఇద్దరూ కాపురాలకి విశాఖ వచ్చి, జంటగా ఫంక్షన్లకి వంటలు చేసేవాళ్ళు.

రెండేళ్ళ కిందట కనకరత్నం గారి గృహప్రవేశానికి కూడా వాళ్ళే వండారు. కనకరత్నం గారిది గోదావరి వైపు. భర్త పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. భోజనాలయ్యాక చూసుకుంటే ఆవిడ గొలుసు లేదు. చిట్టమ్మ సామాన్ల గదిలోకి వెళ్ళడం చూశామన్నారు ఎవరో. వంటమనిషి సామాన్ల గదిలోకి వెళ్ళక గుడికెళ్తుందా అని ఒక్కరూ అడగలేదు. కనకరత్నం గారు కుసుమ వైపు తిరిగి, ఆ మనిషికి నువ్వు పూచీ ఉంటావా అన్నారు. కుసుమకి భయమేసింది. తననీ దొంగ అంటారని భయం.

"సిట్టమ్మకా? మా పక్కూరి మనిసండి. నాకంత తెలీదు" అంది.

చిట్టమ్మ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఎర్రటి ఎండలో నడిచి వెళ్తుంటే ఆమె కాళ్ళ కింద నీడ లేదు. అది కుసుమ పక్కనే ఉండిపోయింది.

మూడు వారాలకి, కుసుమ ఆ ఇంట్లో వండుతుండగా, గొలుసు బియ్యం డ్రమ్ములో దొరికింది. చుట్టాల్లో ఎవరైనా తీస్తారన్న భయంతో కనకరత్నం గారే దాచి మరిచిపోయారు. పరువు పోతుంది, ఎవరితోనూ అనకమ్మా అని కుసుమను బతిమాలారు. కుసుమ అనలేదు. కాలనీలో వంటలన్నీ తనే చేసుకుంది. చిట్టమ్మ, తనని పిలిచేవాళ్ళు లేక, ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు ఒలిచే పనికి పోయింది. అన్యాయమని కుసుమకి తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఆ నీడను తొక్కకుండా మాత్రం జాగ్రత్తగా నడిచేది, అదేదో పెద్ద ప్రాయశ్చిత్తమైనట్టు.

ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే ధనశ్రీ ఆ కాలనీకి కొత్తగా అద్దెకొచ్చింది. సెలవురోజుల్లో ఫోనుతో చిన్న చిన్న సినిమాలు తీస్తుంది. ప్రేమంటే పార్కుల్లో తిరగడమొక్కటే కాదని చెప్పడానికి ఐదు సినిమాలు తీసి, కమ్యూనిటీ హాల్లో వేస్తానంది. ఒకదాంట్లో స్టీల్ ప్లాంటు గవర్రాజు తన పాత స్కూటర్ని రోజూ తుడుస్తాడు, నడపడు. ఒకదాంట్లో మాటల్లేని తోటికోడళ్ళు ఒకే గిన్నెలో టీ కాచుకుంటారు. ఐదోది నేస్తరికం గురించి. దానికి కుసుమను కూర్చోబెట్టింది. ఆమె చెప్పినదంతా నిజమే అనుకుని, ఆశ్చర్యపరుద్దామని, హార్బర్‌కి వెళ్ళి చిట్టమ్మను పిలిచింది.

శనివారం సాయంత్రం ఆరున్నరకి గోడకి తెల్ల దుప్పటి కట్టి ఆట మొదలుపెట్టారు. నాలుగో సినిమా అవుతుండగా చిట్టమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమెను చూసి నలుగురైదుగురు ఆడవాళ్ళు మెళ్ళో గొలుసుల మీదికి కొంగు లాక్కున్నారు. కుసుమ అది చూసింది.

ఇంతలో దుప్పటి నిండా తన మొహమే. "మా ఇద్దరికీ ఏనాడూ మాటా మాటా రానేదు. నేస్తమంటే పేనమే" అంటోంది ఆ మొహం, నవ్వుతూ. జనం చప్పట్లు కొట్టారు. చిట్టమ్మ కొట్టలేదు, తిట్టలేదు. మెల్లగా వెనక్కి తిరిగింది. వచ్చి చెంప పగలగొట్టినా ఇంతకన్నా నయం అనిపించింది కుసుమకి.

లేచి వెళ్ళి ప్రొజెక్టరు వెలుతురుకి అడ్డంగా నిలబడింది. దుప్పటి మీద రెండు నీడలూ పడ్డాయి.

"ఆపమ్మా. నాను సెప్పింది అబద్దం" అంది. "ఆ గొలుసు బియ్యం డ్రమ్ములోనే దొరికింది. రెండేళ్ళ బట్టి నాకు తెలుసు. మా నేస్తం తియ్యలేదు. నా కూడు పోతాదని నాను నోరు మూసుకున్నాను."

అందరూ ముందు వరసలోని కనకరత్నం గారి వైపు చూశారు. ఆవిడ తల దించుకుని, నిజమే అన్నారు.

దుప్పటి మీద పొడుగాటి నీడ కదిలింది. అంచు దిగి, గోడవారగా వచ్చి, కుర్చీల మధ్యనించి ఎడంకాలు ఈడ్చుకుంటూ నడిచింది. దారిలో ఉన్నవాళ్ళు కాళ్ళు మడుచుకుని చోటిచ్చారు. చిట్టమ్మ చెప్పుల దాకా వెళ్ళి అక్కడ ఆగింది. చిట్టమ్మ ఒకసారి కిందికి చూసుకుంది.

ముందుగా నారాయణమ్మ లేచింది. బుధవారం మనవరాలి అన్నప్రాసన ఉంది, వంట నువ్వే చెయ్యాలి చిట్టమ్మా, మమ్మల్ని క్షమించు అంది. చిట్టమ్మ ఎంతమందికని అడిగి ఒప్పుకుంది.

కుసుమ చిట్టమ్మ దగ్గరికి వెళ్ళింది. ఒంటి నీడతో నిలబడటం ఎలాగో కాళ్ళకి తెలియడం లేదు.

"రొయ్యలు ఒలిసి ఒలిసి నా ఏళ్ళు సూడు" అంది చిట్టమ్మ, చేతులు చాపి. వేళ్ళ కొసలు పాలిపోయి, పగిలి ఉన్నాయి. "మర్సిపొమ్మని నన్నడక్కు. నానొక్కదాన్నే నెగ్గలేను, అంట్లకి మనిసి కావాల. బుధవారం పొద్దున ఐదింటికి రా."

బుధవారం కుసుమ నాలుగింటికే వెళ్ళి, నారాయణమ్మ గేటు బయట కూర్చుంది.