పాసిర్ బెసి నాలుగో రికార్డు

హర్జితోకి మలాంగ్‌లో కళ్లద్దాల దుకాణం ఉంది. పన్నెండేళ్ల వయసులో సినిమా హాలు వెనక గోడెక్కి పాసిర్ బెసి అనే రాక్ బృందం వాయిస్తుంటే విన్నాడు. ఆ పిచ్చి యాభై ఐదేళ్లు వచ్చినా వదల్లేదు. ఆ ఊరి కుర్రాళ్లే నలుగురు కలిసి కట్టిన బృందం అది. నాలుగు పెద్ద రికార్డులు, అయిదు చిన్న రికార్డులు చేసి విడిపోయారు. చిన్నవి అయిదూ, పెద్దవి మూడూ హర్జితో బీరువాలో ఉన్నాయి. నాలుగోది మాత్రం పదకొండేళ్లుగా దొరకలేదు. దాన్ని మొత్తం మూడు వందలే ముద్రించారట. అందులోని పాటలు పాత కేసెట్ ఒకదాని మీంచి కాపీ చేసుకుని అందరూ వింటారు కానీ, రెండో వైపు చివరి పాట సగంలో ఉండగానే ఆ కేసెట్‌లో టేపు అయిపోతుంది. ఆ పాట ఎలా ముగుస్తుందో అభిమానుల్లో ఒక్కరికీ తెలియదు.

ఒక మంగళవారం పొద్దున, ఆదివారం సంతలో పాత రికార్డులమ్మే గాతోత్ ఫోన్ చేశాడు. "తుంపాంగ్ దాటాక కొండ కింద పల్లెలో సుమినాహ్ అని ఒకావిడ ఉంది. పెచెల్ అమ్ముతుంది. ఆవిడ దగ్గర నాలుగోది ఉందంట."

"ఇంకెవరికి చెప్పావ్?"

"మీకే, పాక్. ఒట్టు."

అతని ఒట్టు సంగతి తెలిసిన హర్జితో దుకాణం తలుపు దించేసి మోటారు సైకిలెక్కాడు. పల్లె చేరి, ఆ ఇంటి ముందు బండి ఆపేసరికి ఎర్ర స్కూటర్ ఒకటి అప్పటికే నిలబెట్టి ఉంది. దాన్ని చూడగానే అతని ప్రాణం ఉసూరుమంది. అది యాయుక్‌ది. బడి పిల్లల వ్యాను నడుపుతుంది. నలభై దాటిన మనిషి. అదే బృందం, అదే పిచ్చి. మూడో రికార్డు కోసం ఇద్దరూ సంతలో చెరో అంచూ పట్టుకుని లాక్కున్నంత పని చేశారు.

"రండి పాక్ హర్జితో, ఆలస్యమైందే? దారిలో ఎవరికైనా కళ్లు పరీక్ష చేశారా?" అంది యాయుక్ అరుగు మీంచి.

"బడి పిల్లల్ని దారిలోనే దింపేసి వచ్చారా, బు యాయుక్?" అన్నాడు హర్జితో. ఎంత పోట్లాడుకున్నా పాక్, బు అంటూ అయ్యగారు, అమ్మగారు అనే మర్యాద మాత్రం ఇద్దరూ తప్పరు.

"ఇవాళ బడికి సెలవు. దేవుడు నా వైపున్నాడు."

సుమినాహ్ అవ్వ గడపలో కూర్చుని, ఉడికించిన ఆకుకూరల మీద వేసే పెచెల్ పచ్చడి కోసం వేయించిన వేరుశనగల పొట్టు తీస్తోంది. అరవై ఎనిమిదేళ్లుంటాయి. ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏం నాయనా, నువ్వూ దానికోసమేనా? పొద్దుటి నుంచి ఒక్కరూ పెచెల్ అడగలేదు" అంది. లోపలికెళ్లి పిండి సంచి గుడ్డలో చుట్టిన రికార్డు తెచ్చి చాప మీద పెట్టింది. అట్ట మూల ఎలుక కొరికింది. కానీ నల్లటి పళ్లెం మీద ఒక్క గీత లేదు.

తర్వాత ఇద్దరూ ఒకేసారి బేరం మొదలుపెట్టారు. అవ్వ చెయ్యెత్తి ఆపింది. "ఆగండి. అందులో ఏముందో నాకే తెలీదు. నలభై మూడేళ్లయింది అది నా చేతికొచ్చి. ఈ పల్లెలో దాన్ని వాయించే మిషను ఎవరింట్లోనూ లేదు. ముందు వినిపించండి. అమ్మడమో మానడమో తర్వాత చూద్దాం."

"మీకెవరిచ్చారవ్వా?" అన్నాడు హర్జితో.

"ఆ కుర్రాళ్లే. మా పొగాకు కొట్టంలో రెండు నెలలున్నారు. ఎక్కడి నుంచో అరువు తెచ్చిన టేపు మిషను పెట్టుకుని ఒకటే గోల. కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. వాళ్లకి వండి పెట్టింది నేనే."

హర్జితో, యాయుక్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది పొగాకు కొట్టంలో తయారైందన్న సంగతి ఏ అభిమానికీ తెలియదు.

యాయుక్ స్కూటర్ పెట్టెలోంచి బ్యాటరీతో నడిచే చిన్న రికార్డు ప్లేయర్ తీసింది. వినకుండా ఏ రికార్డూ కొనకూడదన్నది ఆమె పట్టింపు. మీట నొక్కితే దీపం వెలిగింది కానీ పళ్లెం తిరగలేదు. మూత విప్పి చూస్తే లోపలి రబ్బరు బెల్టు తెగిపోయి ఉంది. ఆమె మొహం మాడిపోయింది.

ఊరుకుంటే చాలు, అవ్వకి విసుగొచ్చి యాయుక్‌ని పంపించేస్తుంది. ఆ ఆలోచన హర్జితోకి రాకపోలేదు. కానీ ఆ పాట చివర ఏముందో వినాలన్న తహతహ ముందు అది నిలవలేదు. జేబులోంచి కళ్లద్దాల మరలు బిగించే బుల్లి స్క్రూడ్రైవరు తీశాడు. "అవ్వా, పెచెల్ పొట్లాలకి వేసే రబ్బరు బాండ్లు ఉన్నాయా?"

డబ్బాడు తెచ్చిచ్చింది. మొదటిది తెగింది. రెండోది జారిపోయింది. మూడోది కుదిరింది. అరగంట పాటు యాయుక్ తన ఫోన్ దీపం అతని చేతుల మీదికి పట్టుకునే కూర్చుంది.

ముల్లు దించారు. పళ్లెం కాస్త వేగంగా తిరగడంతో పాడేవాడు బస్సు అందుకోవాలన్నట్టు పాడాడు. అయినా ఆ గిటారు మోత వినగానే హర్జితో ఒళ్లు జలదరించింది. పక్కిళ్ల వాళ్లు నలుగురు వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డారు. మొదటి వైపు అయ్యాక రెండో వైపు తిప్పారు. చివరి పాట వచ్చింది. కేసెట్ ఆగిపోయే చోటు దాటింది. యాయుక్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గిటార్లు సన్నగిల్లి, డ్రమ్ముల మోత ఆగి, ఇక అయిపోయిందనుకుంటుండగా ఒక ఆడగొంతు గట్టిగా వినిపించింది.

"అన్నం చల్లారిపోతోంది. వస్తారా, తెంపే వేపుడు మొత్తం మేకకి పెట్టేయనా?"

ఆ వెంటనే నలుగురు మగవాళ్లు పగలబడి నవ్వడం. రికార్డు అయిపోయింది.

అవ్వ చేతిలో వేరుశనగలు చేతిలోనే ఉన్నాయి. "అది నేనే" అంది మెల్లిగా. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "దొంగ వెధవలు. నా తిట్లు కూడా ఎక్కించారా. ఒక్కడూ చెప్పలేదు."

కంచె అవతలి ఆవిడ, "ఇప్పటికీ అదే గొంతు సుమినాహ్, ఏం మారలేదు" అంది.

"మళ్లీ పెట్టు నాయనా."

ఆ చివరి ముక్క ఆరుసార్లు పెట్టారు. ఆరోసారికి అవ్వ తను కూడా ఆ మాటలే రికార్డుతో కలిపి అంటోంది. ఆ తర్వాత రికార్డు జాగ్రత్తగా తీసి గుడ్డలో చుట్టేసింది.

"ఇది అమ్మను. పాతికేళ్ల పిల్లగా ఉన్నాను అందులో. ఎలా అమ్ముతాను చెప్పండి?"

పదకొండేళ్లు వెతికి, చేతిలో పట్టుకుని, వదిలేయడం హర్జితోకి కష్టమే. కానీ బేరం ఆడబుద్ధి కాలేదు. "ఒక్క రోజు ఇస్తే కాపీ తీసుకుని తెచ్చిస్తాం" అని మాత్రం అడిగాడు.

"ఇల్లు దాటనివ్వను. వినాలంటే మీరే రండి. ఆదివారాలు కొట్టు మూసేస్తాను."

యాయుక్ ప్లేయర్ అవ్వ ముందుకి తోసింది. "అయితే ఇది ఇక్కడే ఉండనివ్వండవ్వా. పాక్ హర్జితో ఆదివారం సరైన బెల్టు తెస్తారు."

"నేను తెస్తానని ఎవరన్నారు?"

"మీ మొహమే అంటోంది."

ఇద్దరూ అక్కడే కూర్చుని పెచెల్ తిన్నారు. కారానికి ముక్కులు తుడుచుకుంటూ, రెండో రికార్డులో ఉన్న డ్రమ్ములు గొప్పవా, ఇందులోవి గొప్పవా అని మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు.

ఇంటికెళ్లి జరిగింది చెబితే భార్య రత్మి పడీ పడీ నవ్వింది. పెళ్లయిన ఇరవై తొమ్మిదేళ్లలో ఆమె అతని రికార్డు ఒక్కటీ పూర్తిగా విన్నది లేదు. మొదలుపెట్టగానే వంటింటి తలుపు వేసుకునేది. అలాంటిది, "ఆదివారం నేనూ వస్తాను, ఆ కుర్రాళ్లని మేక పేరు చెప్పి బెదిరించిన ఆవిడని చూడాలి" అంది.

ఆదివారం హర్జితో కొత్త బెల్టు వేశాడు. ఈసారి పాడేవాడు తొందరపడకుండా నిదానంగా పాడాడు. కానీ వినే వీలేదీ? రత్మి, అవ్వ పక్కపక్కన చేరి, కొట్టంలో కుర్రాళ్లు ఏం తిన్నారు, ఎవడు ఎవర్ని ప్రేమించాడు, గిటారువాడి ప్యాంటు కోడి ఎలా పొడిచింది అని ఒకటే కబుర్లు. మూడో పాటకి యాయుక్ వల్లకాక ప్లేయర్ ఎత్తుకుంది. హర్జితో రికార్డు పట్టుకుని ఆమె వెనకే నడిచాడు. పెరట్లో బావి పక్కన చాప వేసుకుని, ఇద్దరూ మళ్లీ మొదటి పాట నుంచి పెట్టుకున్నారు.