పేరు పెట్టి పిలవొద్దు

కుట్టు మిషన్లన్నీ ఆపించాక కాంట్రాక్టరు షెడ్డు మధ్యలో నిలబడ్డాడు.

"తలుపుకి బయట తాళం వెయ్యొద్దని సంతకాలు పెట్టిస్తున్నారట." గొంతు పెంచలేదు. "పెట్టుకోండి. మీలో ఒకతె చిన్నప్పుడు ఏ ఇంట్లో దొరికిందో, ఏ కేసు కట్టారో నాకు తెలుసు. పిల్లల కోర్టులో కాగితాలున్నాయి. ఇంకోసారి తాళం ఊసెత్తితే ఆవిడ పేరు గోడ మీద రాయిస్తా. తర్వాత ఆవిడ కాపురం ఆవిడిష్టం."

వెళ్ళిపోయాడు. బయట తాళం పడిన చప్పుడు విన్నాం.

నేనక్కడ కటింగ్ మాస్టర్ని. గుడ్డ మీద ఆనించిన కత్తెర ఆనించినట్టే ఉండిపోయింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. చూస్తే అనుమానించినట్టు, తల దించుకుంటే ఒప్పుకున్నట్టు. దాహమేసినా మంచినీళ్ళ కోసం ఒక్కరూ లేవలేదు.

నా భార్య పోయాక ఆ ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట నన్ను ఒంటరిగా తిననివ్వడం మానేశారు. అందుకే మర్నాడు ఇస్త్రీ బల్లల వెనక వాళ్ళు క్యారేజీలు విప్పినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"ఎవరని అడగను," అంది ఇస్త్రీ అక్క. షెడ్డుకి పెద్ద దిక్కు ఆవిడే. "సంతకాలు ఆపుదామా, వద్దా?"

"ఆపుదాం అక్కా," అంది కాలర్లు కుట్టే ఆవిడ. "తాళం ఉంటే ఉంది. ఒకళ్ళ కొంప కూలకూడదు."

"మొన్న వైరు కాలి పొగొస్తే తలుపు బద్దలయ్యేట్టు బాదింది నువ్వే కదే," అంది అక్క.

ఎవరూ నవ్వలేదు. అప్పుడు కాజాలు తీసే పిల్ల, నేల వైపు చూస్తూ, "అది నేనే అక్కా," అంది. "పని ఇప్పిస్తామని తీసుకెళ్ళి అమ్మేశారు. పోలీసులొచ్చి అమ్మినవాణ్ణి వదిలేసి నన్ను పట్టుకున్నారు. కేసు నా మీదే రాశారు."

బొత్తాలు కుట్టే వదిన ముద్ద గిన్నెలో వదిలేసింది. "నువ్వు కాదే పిచ్చిదానా. వాడన్నది నన్ను. రాత్రంతా కన్ను మూస్తే ఒట్టు."

"మరి నన్నే అన్నాడనుకున్నానే," అంది ప్యాకింగు పిల్ల, తెల్లబోయి.

పేరులేని ఒక్క బెదిరింపు ముగ్గురి గొంతులు పట్టుకుంది. వాడికి ఒక్క పేరూ తెలియదు. కోర్టు ఆఫీసులో ఎవరో చెవిన వేసిన ముక్కతో అందరినీ గుప్పిట్లో పెట్టుకున్నాడు. పిల్లల్ని సరుకులా కొన్నవాడి మీద ఏ ఫైలూ లేదు. అమ్ముడుపోయిన పిల్లలకి మాత్రం ప్రభుత్వం ముద్దాయిలని పేరుపెట్టి, ఆ పేరుని బీరువాలో భద్రంగా దాచింది. కాంట్రాక్టరు బలమంతా ఆ బీరువాయే.

పేదల కేసులు ఉచితంగా వాదించే లాయరమ్మ ఆదివారం వచ్చింది. ఆ ఫైళ్ళకు సీలు వేయించవచ్చని చెప్పింది.

బొత్తాల వదిన వెనక్కి జరిగింది. "ఉన్న మచ్చ చాలదా? దానిమీద సీలు కూడానా? సర్కారు సీలు పడ్డాక ఇంకేం చెరుగుతుందమ్మా?"

"రబ్బరు ముద్ర కాదమ్మా. కొట్టు మూయించి తాళానికి లక్క పోస్తారే, ఆ సీలు. జడ్జి ఒప్పుకోకుండా ఎవరూ తెరవలేరు."

"అది వేయించండి ముందు," అంది ఇస్త్రీ అక్క. "వెయ్యాల్సిన చోట వదిలేసి మా తలుపుకి వేస్తున్నారు తాళం."

ఈసారి నవ్వారు. కానీ లాయరమ్మ నవ్వలేదు. విచారణ తలుపులు మూసే చేస్తారట. దానికి ముందు బంట్రోతు వరండాలోకి వచ్చి ముగ్గురి పేర్లూ కలిపి మూడుసార్లు కేకేస్తాడట. అలవాటు. వద్దని తను ఇదివరకు అర్జీ పెట్టినా వినలేదట. మనిషి లోపలికి రాకపోతే పిటిషను కొట్టేస్తారు.

"ఆఫీసులోవాళ్ళు తేదీ చెప్పేస్తారు. వాడి మనిషి వరండాలోనే ఉంటాడు," అంది కాజాల పిల్ల. "నేను లేచానంటే అయిపోయినట్టే."

విచారణ రోజు షెడ్డు ఖాళీ చేసి అందరం వెళ్ళాం. కాంట్రాక్టరు మనిషి స్తంభానికి ఆనుకుని, ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కాజాల పిల్ల మా మధ్యలోకి జరిగింది. బంట్రోతు గుమ్మంలోకి వచ్చాడు.

"అన్నా, మెల్లగా పిలువు," అంది ఇస్త్రీ అక్క.

"మెల్లగా పిలిస్తే లోపలికి వినపడదమ్మా. నా ఉద్యోగం పోతుంది." గొంతు సవరించుకున్నాడు. "ముద్దాయి..."

"వదినా, నా గొడుగేదే?" అని అరిచింది ఇస్త్రీ అక్క.

"పిన్నీ, ఇటు ఇటు."

"అత్తా, చెప్పులు తొక్కుతున్నావు."

"ఒసే చిన్నక్కా..."

వరండా అంతా వరసలతో హోరెత్తింది. ఆ హోరులో ఏ పేరు పిలిచాడో, కదిలే గుంపులో ఎవరు లోపలికి వెళ్ళారో తేలలేదు. కాంట్రాక్టరు మనిషి మోచేతులతో తోసుకొచ్చేసరికి తలుపు మూసేశారు. తలుపు మూసేముందు, మూడోసారి, బంట్రోతు పెదవులు మాత్రమే ఆడించాడు. నేను చూశాను.

పోలీసులు వచ్చి కోర్టులో అల్లరి చేసిందని ఇస్త్రీ అక్క చెయ్యి పట్టుకున్నారు. ఆడ కానిస్టేబులు ఒకామె, అక్క చెప్పులు వెతికి తొడుక్కునేదాకా ఆగింది.

"నేను పోతే ఏమైందే?" అంది అక్క వెళుతూ. "మీ నోళ్ళేమైనా నాతో తీసుకుపోతున్నానా?"

వ్యాను కదిలింది. లాఠీలు మా ముందు వరసగా నిలబడ్డాయి.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ముగ్గురూ పక్క గుమ్మంలోంచి వచ్చి మా గుంపులో కలిసిపోయారు. ముగ్గురి ఫైళ్ళకూ సీలు వేయమని జడ్జి రాశారని లాయరమ్మ చెవిలో చెప్పింది. "ఇంక ఇళ్ళకి వెళ్ళండి. ఇక్కడుంటే మిమ్మల్నీ తీసుకుపోతారు."

మెట్ల వైపు కదిలాం. బంట్రోతు మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. మూలన గోడ వైపు తిరిగి ఒక పిల్ల నిలబడి ఉంది. మాకు తెలియని పిల్ల. పక్కన ఎవరూ లేరు. ఆ పిల్లకేసి ఇంకెవడో ఫోను ఎత్తాడు.

లాఠీలున్నాయి. అక్క లేదు.

"ముద్దాయి..." అన్నాడు బంట్రోతు.

కాజాల పిల్ల ఆగింది. వెనక్కి తిరిగింది.

"అత్తా," అంది. పక్కనున్న నాకే వినపడింది. మళ్ళీ అంది, ఈసారి వరండా చివరిదాకా వినపడేట్టు.

"పెద్దమ్మా," అన్నాను నేను.

బెంచీల మీద తమ పిల్లల కోసం పొద్దుటినుంచీ కూర్చున్న తల్లులు, మేమెవరమో తెలియని వాళ్ళు, ఒక్కొక్కరే లేచారు. "చెల్లీ," అంది ఒకావిడ. "మరదలా," అంది ఇంకొకావిడ. లాఠీలు మా వైపు కదిలాయి. వెనక బెంచీలు కూడా లేచాయి.